ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40

తిరుమల కొండకి కారులో వెళ్తే ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలి, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. గేటు దాటిన టైమూ, అవతలి గేటుకి చేరిన టైమూ సరిచూస్తారు. ముందే చేరితే శభాష్ అనరు, జరిమానా వేస్తారు. ఎక్కడం కష్టం, దిగడం సులువు అని అందరం అనుకుంటాం గానీ, కొండమీద బండి లెక్క వేరు.

కారణం రోడ్లలోనే ఉంది. పైకి వెళ్ళేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు. అందులో హెయిర్‌పిన్ మలుపులు 6. కిందికి దిగేది 1944 ఏప్రిల్‌లో తెరిచిన పాత రోడ్డు. దాంట్లో 36 మలుపులు. రెండూ అటూ ఇటూగా 18, 19 కిలోమీటర్లే. భాగించి చూడండి: ఎక్కే బండి సగటు వేగం గంటకి 40 కిలోమీటర్లలోపు, దిగే బండిది 30లోపు ఉండాలన్నమాట. దిగేటప్పుడు ఇంజనుకి లాగే పని ఉండదు, బండిని ఆపే పనే ఎక్కువ. కాలు బ్రేకు మీదే పెట్టి దిగితే బ్రేకులు కాలి వాసనొస్తుంది, ఆ తర్వాత పట్టు తప్పుతుంది. చేయి తిరిగిన డ్రైవర్లు సెకండు గేరులో దింపుతారు, బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది. నెల్లూరు నుంచి సొంత కారులో వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఇది అలవాటు లేదు. ఉండమంటే ఎక్కణ్ణించి వస్తుంది, మన ఊళ్ళో ఎత్తంటే ఫ్లైఓవరే కదా!

ఆ పాత రోడ్డు పడ్డాక 30 ఏళ్ళపాటు ఎక్కే బస్సులకీ దిగే బస్సులకీ అదొక్కటే దారి. దాని రూపకల్పనలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య చెయ్యి ఉందని చెబుతారు. అంతకు ముందు నడిచేవాళ్ళు నడిచారు, నడవలేనివాళ్ళు డోలీల్లో వెళ్ళారు. ఇప్పుడు రోజుకి 60 వేలమందికి పైగా కొండెక్కుతున్నారు. ఒక చిన్న పట్టణం జనమంతా పొద్దున ఎక్కి మర్నాడు దిగిపోతున్నట్టు. ఇంతమందిని మోసే దార్లు నాలుగే: రెండు ఘాట్ రోడ్లు, రెండు మెట్లదార్లు. ఇందులో ఏది ఏ నెలలో పనిచేస్తుందో, ఏది మొరాయిస్తుందో తెలిస్తే ప్రయాణం సగం తేలికైనట్టే.

నెల్లూరు నుంచి తిరుపతి దాకా చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. రోడ్డున నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా ఇంచుమించు 135 కిలోమీటర్లు. రైలుకైతే గూడూరు దాకా 38, అక్కణ్ణించి రేణిగుంటకి 83, ఇంకో పది దాటితే తిరుపతి. 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ కూడా నెల్లూరులో ఆగుతోంది. అసలు కథ కొండ కిందున్న అలిపిరి దగ్గర మొదలవుతుంది.

ముందు చలికాలం సంగతి. మనకి చలికాలమంటే మంచు కాదు, వాన. దేశమంతా గొడుగులు మడిచేశాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన కోస్తాని తడుపుతాయి. నెల్లూరు ఏడాది వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఆ మేఘాలు మన మీదుగా వెళ్ళి శేషాచలం కొండలకి కొట్టుకుంటాయి. కొండ రాయి పగుళ్ళలోకి నీళ్ళు దిగుతాయి, మట్టి వదులవుతుంది, బండలు జారతాయి. 

2021 నవంబరుని నెల్లూరు వాళ్ళకి గుర్తుచేయక్కర్లేదు. ఆ నెల 18న కురిసిన వానకి అలిపిరి మెట్ల మీద నీళ్ళు జలపాతంలా దూకాయి. ఘాట్ రోడ్లు, నడకదార్లు మూసేశారు. రెండో మెట్లదారి, శ్రీవారి మెట్టు, అయితే చాలా చోట్ల కొట్టుకుపోయింది. రెండు మూడు రోజులకే పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారీ తెగింది. అంటే కొండ తెరిచినా పెన్నాకి ఉత్తరాన ఉన్నవాళ్ళు వెళ్ళలేరు, వెళ్ళినవాళ్ళు వెనక్కి రాలేరు. అంతటితో అయిందా అంటే, లేదు. డిసెంబరు 1 తెల్లవారుజామున రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద పెద్ద బండలు పడి రోడ్డు కోతపడింది. ఇది గమనించాల్సిన విషయం. పగుళ్ళలోకి దిగిన నీరు తన పని తను చేసుకుంటూనే ఉంటుంది కాబట్టి వాన వెలిసిన రోజున కొండ క్షేమమని ఏమీ లేదు. రోడ్డు బాగుచేసి తెరిచేసరికి 2022 జనవరి వచ్చింది. ఆ లోపల ఎక్కే బండ్లూ దిగే బండ్లూ మళ్ళీ పాత రోడ్డునే నమ్ముకున్నాయి. శ్రీవారి మెట్టు దారి తెరుచుకున్నది మే నెలలో.

అందుకే నవంబరు, డిసెంబరుల్లో వెళ్ళేవాళ్ళు ఒక్క లెక్క పెట్టుకోవాలి. ఎక్కడానికి గంట, దిగడానికి గంట అనుకుని తిరుగు రైలు టికెట్టు తీయకూడదు. ఒక దారి మూస్తే రెండో దారిలో రెండు వైపుల బండ్లనీ వంతులవారీగా వదులుతారు, గంట కాస్తా మూడు గంటలవుతుంది. పొగమంచు దిగితే లైట్లు వేసుకున్నా ముందు బస్సు వెనక భాగం తప్ప ఏమీ కనిపించదు. పైన పాపవినాశనం, శ్రీవారి పాదాలు, శిలాతోరణం చూద్దామనుకుంటే గాలివానలో చెట్లు విరిగిపడతాయని ముందు ఆ దార్లే మూసేస్తారు.

ఎండాకాలం చిక్కు ఇంకో రకం. కొండ చల్లగా ఉంటుందన్న మాటని కాస్త అంకెలతో చూద్దాం. కిలోమీటరు ఎత్తుకి సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. తిరుమల ఎత్తు 850 మీటర్ల పైచిలుకు, కింద తిరుపతి 160 ప్రాంతం. తేడా 700 మీటర్లు కూడా లేదు, అంటే నాలుగున్నర డిగ్రీలు. తిరుపతిలో 42 ఉంటే పైన 37, 38. సాయంత్రానికి గాలి హాయిగానే ఉంటుంది గానీ, మే నెల మధ్యాహ్నం మాత్రం ఊటీ అనుకుని వెళ్ళొద్దు. గుడి చుట్టూ ఉన్న మాడవీధుల్లో చెప్పులు ఉండవు. ఒంటిగంటకి ఆ రాళ్ళ మీద కాలు మోపితే తెలుస్తుంది. దేవస్థానం వాళ్ళు వేడి పట్టని తెల్ల రంగు పట్టీలు వేస్తారు, పట్టాలు పరిచి నీళ్ళు చల్లుతుంటారు. జనం ఆ పట్టీ మీదనే ఒకరి వెనక ఒకరు గబగబా నడుస్తుంటారు. పట్టీ తప్పి పక్కకి అడుగేసిన పిల్లాడు ఒక్క గెంతులో మళ్ళీ నాన్న కాళ్ళ మధ్యకి వచ్చి పడతాడు.

నడిచి వెళ్ళేవాళ్ళకి అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీనివాస మంగాపురం వైపు నుంచి శ్రీవారి మెట్టు దారిలో 2,388. తక్కువ కదా అని శ్రీవారి మెట్టు ఎంచుకునేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. అది దూరం తక్కువ, నిలువు ఎక్కువ. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా రెండువేల పైచిలుకు మెట్లు ఊపిరి తీయనివ్వవు, ఆ తర్వాత జింకల పార్కు దాకా నేల చదునుగా సాగుతుంది, చివర్లో మోకాలి మెట్టు మళ్ళీ పరీక్ష పెడుతుంది. అలిపిరి దారికి పైకప్పు ఉంది కాబట్టి ఎండకీ వానకీ కొంత నయం. సామాను అలిపిరిలో అప్పగిస్తే డబ్బులు తీసుకోకుండా పైకి చేరుస్తారు, కాబట్టి సంచులు మోసుకుని ఎక్కాల్సిన పని లేదు.

పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో తల్లిదండ్రులతో వెళ్తున్న ఆరేళ్ళ పాపని చిరుత చంపేసింది. ఆ తర్వాత మధ్యాహ్నం రెండు దాటితే 12 ఏళ్ళలోపు పిల్లల్ని మెట్లదారిలో వదలకూడదని నిబంధన పెట్టారు, నడిచేవాళ్ళ చేతికి కర్రలిచ్చారు, ద్విచక్ర వాహనాలకి వేళలు కట్టడి చేశారు. వేళలు మారుతుంటాయి, అడవి మాత్రం మారదు. ఎండకి జడిసి సాయంత్రం మొదలుపెడదామనుకునే కుటుంబాలు తెల్లవారుజామునే బయల్దేరడం మేలు.

పైకి చేరాక తిరగడం దిగులు లేని పని. ధర్మరథం పేరుతో ఉచిత బస్సులు కాటేజీలు, బస్టాండు, అన్నప్రసాదం వైపు చుట్టూ తిరుగుతుంటాయి. వాటిలోకి 2023లో పది ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. ఘాట్ రోడ్డు మీద ఎలక్ట్రిక్ బస్సులు 2022 సెప్టెంబరులోనే మొదలయ్యాయి. తిరుపతి డిపోకి వచ్చిన వందలో యాభై కొండకే కేటాయించారు. ఈ దారికి అవి సరిగ్గా సరిపోయాయి. దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి, వృథా అయ్యే శక్తిని బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. 36 మలుపుల దారి డీజిలు బస్సుకి బ్రేకుల అరుగుదల, ఈ బస్సుకి కాస్త ఛార్జింగు. కడుపులో తిప్పడం మాత్రం రెంటిలోనూ ఒకటే. సప్తగిరి బస్సుల్లో నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేవాళ్ళు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు.

జనాన్ని కొండమీదికి చేర్చే పని మంచు కొండల్లో ఎలా చేస్తారో ఓసారి చూద్దాం. కాశ్మీరులో గుల్‌మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉంది. మన ఆరున్నర డిగ్రీల లెక్క ప్రకారం నెల్లూరుకన్నా 17 డిగ్రీలు చల్లన. స్కీయింగుకి వెళ్ళేవాళ్ళు తంగ్‌మార్గ్ నుంచి చివరి 13 కిలోమీటర్లు చలికాలంలో టైర్లకి గొలుసులు కట్టిన బండ్లలో వెళ్తారు. అక్కణ్ణించి గొండోలా రెండు అంచెల్లో అఫర్వత్ శిఖరం పక్కన 3,900 మీటర్ల పైకి మోస్తుంది. గాలి హోరెత్తితే పై అంచె ఆపేస్తారు, ఎవరెంత దూరం నుంచి వచ్చినా సరే. స్విట్జర్లాండులో జెర్మాట్ అనే స్కీయింగు ఊరు ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడికి బయటి కార్లు రానేరావు. 5 కిలోమీటర్ల దిగువన టాష్‌లో కారు వదిలేసి 12 నిమిషాలు రైల్లో వెళ్ళాల్సిందే, వేసవైనా చలికాలమైనా. ఊళ్ళో తిరిగేవి చిన్న చిన్న ఎలక్ట్రిక్ బండ్లు. అక్కడి కొండ పెద్దది, జనం మనకన్నా చాలా తక్కువ. అయినా కార్లకి ఒప్పుకోలేదు.

మనం ఇంకా ఒప్పుకుంటూనే ఉన్నాం. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి టోల్‌గేటులో ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు, క్యూ కొంత తగ్గుతుంది. పైన పార్కింగుకి మాత్రం స్థలం పెరగదు, కొండ వెడల్పు ఎవరూ పెంచలేరు. నలుగురి కుటుంబం ఒక కారులో ఎక్కితే అది రోజంతా పైన ఒక చోటు ఆక్రమిస్తుంది. అదే బస్సు యాభైమందిని దింపి అరగంటలో మళ్ళీ కిందికి బయల్దేరుతుంది. నా మటుకు నాకు అలిపిరి దాటి సొంత కార్లని ఆపేయడమే న్యాయమనిపిస్తుంది, ముసలివాళ్ళకీ నడవలేనివాళ్ళకీ మినహాయింపు ఇచ్చి.

అది ఎప్పుడు జరుగుతుందో గానీ, మీరు మాత్రం ఈసారి కారు తిరుపతిలోనే వదిలేసి బస్సెక్కండి. ఎండాకాలమైతే తెల్లారేలోపు మెట్లు మొదలుపెట్టండి. నవంబరు, డిసెంబరుల్లో అయితే బయల్దేరే ముందు దార్లు తెరిచి ఉన్నాయో లేదో కనుక్కుని, తిరుగు రైలుకి కనీసం నాలుగు గంటల ముందు కొండ దిగడం మొదలుపెట్టండి.