సాయంత్రానికి అడ్రసులు అయిపోతే

హాస్టల్లో రాత్రి ఏడయ్యేసరికి నెట్ ఆగిపోతే వార్డెన్లు ముందు నెట్ కంపెనీకి ఫోన్ చేస్తారు. విజయవాడలో ఈ పనులు చేసే నేను మాత్రం ముందుగా రౌటర్లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ పేజీ తెరిచి చూస్తాను.

నెట్‌వర్క్‌లోకి వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక ఐపీ అడ్రసు కావాలి. 1993లో డీహెచ్‌సీపీ ప్రమాణం రాకముందు ఒక్కో యంత్రానికీ నంబరు చేత్తో పెట్టడమో, ముందే జాబితా రాసిపెట్టుకోవడమో చేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోనే "అడ్రసు ఇచ్చేవాళ్లున్నారా" అని నెట్‌వర్కంతా వినబడేలా అడుగుతుంది. సర్వర్ ఒక నంబరు చూపిస్తుంది, ఫోను అదే కావాలంటుంది, సర్వర్ ఖాయం చేస్తుంది. చిన్నచోట్ల ఆ సర్వర్ రౌటర్లోనే ఉంటుంది. నంబరు ఇచ్చేది అద్దెకే. సగం గడువు కాగానే పొడిగించమని ఫోను మళ్లీ అడగాలి.

చిక్కంతా ఆ గడువుతోనే. ఎనభై మంది పిల్లలున్న ఒక హాస్టల్లో పంచే అడ్రసుల వరస, అంటే పూల్, 100 నుంచి 199 వరకు, గడువు 24 గంటలు ఉంది. పొద్దున ఎవరి చుట్టమో వచ్చి వైఫై వాడుకుని వెళ్లిపోయినా ఆ నంబరు మర్నాటిదాకా ఖాళీ అవ్వదు. పిల్లలకేమో తలా ఒక ఫోను, ఒక లాప్‌టాప్. చీకటిపడేసరికి వంద అడ్రసులూ అయిపోయేవి. అడ్రసు దొరకని విండోస్ లాప్‌టాప్ తనంతట తానే 169.254తో మొదలయ్యే నంబరు పెట్టుకుంటుంది. అది కనబడిందంటే లైను బాగానే ఉన్నా అడ్రసు అందలేదని నాకు అర్థమైపోతుంది.

పూల్‌ను 192.168.1.50 నుంచి 192.168.1.250 దాకా పెంచి, గడువు 2 గంటలకు తగ్గించాను. 50 లోపు నంబర్లు రౌటర్‌కూ, కెమెరాల డీవీఆర్‌కూ, ఆఫీసు ప్రింటర్‌కూ వదిలేశాను. ప్రింటర్ నంబరు మారితే ఫీజు రసీదులు ఆగిపోతాయి కాబట్టి దాని మ్యాక్ అడ్రసుకు, అంటే ఆ యంత్రపు సొంత గుర్తింపుకు, ఒకే నంబరు కట్టేశాను.

ఇంతకంటే మొండి రోగం ఇంకొకటుంది. ఎవరో కుర్రాడు సొంత రౌటర్ కొని, గోడలోంచి వచ్చే కేబుల్‌ను దాని వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెడతాడు. ఇక అడ్రసులు పంచే సర్వర్లు రెండు! సాధారణంగా ముందు పలికినదాని నంబరే ఫోను తీసుకుంటుంది. అందుకే పక్కపక్క మంచాల్లోనే ఒకడికి నెట్ వస్తుంది, ఇంకొకడికి రాదు. లాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే గేట్‌వే 192.168.1.1 బదులు 192.168.0.1 అని కనిపిస్తుంది. అప్పుడు గదిగదీ తిరిగి ఆ రౌటర్ పట్టుకోవాల్సిందే. డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉన్న స్విచ్ పెట్టుకుంటే అసలు రౌటర్ ఉన్న పోర్టు నుంచి వచ్చే జవాబులనే అది వదులుతుంది, మిగతావాటిని ఆపేస్తుంది. కొత్త బిల్డింగుకు వైరింగ్ చేయించే ప్రతి యజమానినీ ఆ స్విచ్ కొనమని బతిమాలుతున్నాను.