నల్లరేగడిలో కారు ఎందుకు కూరుకుపోతుంది? ముందు చక్రాల బండికీ వెనక చక్రాల బండికీ తేడా ఇదీ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల వాన పడిందంటే నల్లరేగడి బంక అయిపోతుంది. తారు రోడ్డు దిగిన కారు నాలుగు అడుగులు పోకముందే టైర్లు గిర్రున తిరిగి ఆగిపోతుంది. అదే దారిలో సరుకు వేసుకున్న పాత బొలెరో మాత్రం వెళ్లిపోతుంది. తప్పు డ్రైవర్‌దా, బండిదా? ఇంజన్ బలం ఏ చక్రాలకు పోతోంది, బరువు ఏ చక్రాల మీద ఉంది అన్నది చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

ఏ బండికి ఏ చక్రాలు?

అంబాసిడర్‌లో ఇంజన్ ముందుంటుంది, బండిని తోసేది మాత్రం వెనక చక్రాలు. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చాక ముందు చక్రాలు లాగే కార్లు మన ఇళ్లకు చేరాయి. స్విఫ్ట్, వ్యాగనార్, ఐ20, ఎర్టిగా ఈ రకమే. ఈకో, మామూలు బొలెరో, ఇన్నోవా క్రిస్టా వెనక చక్రాల బండ్లు. ఇన్నోవా పేరుతోనే ఉన్న హైక్రాస్ మాత్రం ముందు చక్రాలది. అందుకే కొనేముందు పేరు ఒక్కటే కాదు, మోడల్ కూడా అడగాలి.

అసలు సంగతి బరువు

ముందు చక్రాల కారు ఖాళీగా ఉంటే దాదాపు 60 శాతం బరువు ముందే ఉంటుంది. అందుకే తడి రోడ్డు మీద పట్టు బాగుంటుంది. కానీ ఖాందాన్ అంతా ఎక్కి, డిక్కీ నింపుకుని గండికోట ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది. ముందు టైర్లు తేలికై జారతాయి. వెనక చక్రాల బండిది దీనికి తిరకాసు. వలీమాకు బిర్యానీ డేగిసాలు వేసుకున్న ఈకోకు పట్టు పెరుగుతుంది, ఖాళీ పికప్ అయితే బురదలో జారుతుంది. పులివెందుల తోటల నుంచి చీనీ, అరటి మోసేవాళ్లకు వెనక చక్రాల బండే నయం. ఎక్కువగా తారు రోడ్డు మీదే తిరిగే కుటుంబానికి ముందు చక్రాల కారు చాలు.

కూరుకుపోతే

యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గుంత లోతవుతుంది. మామూలు కార్లలో ఒక టైరు జారితే బలమంతా దానికే పోతుంది, రెండోది ఊరికే ఉంటుంది. అందరినీ దించండి. టైరు ముందు బురద తీసి గోనెసంచులో, రాళ్లో వేయండి. సెకండ్ గేర్‌లో మెల్లగా కదిలించండి. తిరిగే టైరు వెనక ఎవరినీ నిలబడనివ్వకండి, రాయి ఎగిరి తగులుతుంది.

ప్రాణం మీదికొచ్చేది ఇక్కడే

తడి మలుపులో వేగంగా పోతే ముందు చక్రాల కారు స్టీరింగ్ తిప్పినా నేరుగా పోతుంది. కాలు మెల్లగా తీయాలి. వెనక చక్రాల బండి అయితే తోక పక్కకు తిరుగుతుంది. కాలు తీస్తూ, తోక ఎటు పోతే స్టీరింగ్ అటే కొద్దిగా తిప్పాలి. ఏ బండిలోనైనా సడన్ బ్రేక్ వద్దు.

బ్రేక్ పట్టేది నాలుగు టైర్ల మీద. ఏ చక్రాల బండి అన్నది అక్కడ లెక్కలోకి రాదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు అరిగితే టైరు పనికిరాదు. రెండే కొత్త టైర్లు కొంటే, ముందు చక్రాల కారుకైనా వాటిని వెనకే వేయమని టైర్ల కంపెనీలు చెబుతాయి. వెనక పట్టు తప్పితే బండిని అదుపు చేయడం కష్టం. వానాకాలం రాకముందే పిల్లల్ని ఎక్కించుకునే కారు టైర్లు ఒకసారి వంగి చూడండి.