ఖాకీ చొక్కా వేసినవారంతా కరెంటువారు కారు

(మా గ్రామీణ విలేఖరి)

"మామ్మా, మీ మీటరు చక్రం తిరగడం లేదు. సీలు కూడా ఊడింది. కేసు రాస్తే పది వేలు అవుతుంది. ఇక్కడే తేల్చుకుంటే మూడు వేలతో పోతుంది."

కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఒక గ్రామంలో, మినుము పీకే రోజుల్లో, మిట్టమధ్యాహ్నం మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు ఒక వృద్ధురాలితో అన్న మాటలివి. ఆ వేళకు ఇంటిల్లిపాదీ చేలో ఉన్నారు. ఆమె ఒక్కతే అరుగుమీద కూర్చుని ఉంది. వచ్చిన వారిలో ఒకడికి ఖాకీ చొక్కా, జేబులో టెస్టరు, చేతిలో కటింగు ప్లేయరు, చంకలో లావుపాటి పుస్తకం. ఇంకేం కావాలి? మనవరాలి హాస్టలు ఖర్చుకని బియ్యం డబ్బాలో దాచిన 2,800 రూపాయలు తెచ్చి చేతిలో పెట్టింది. రెండు వందలు తగ్గినా "పర్లేదులే మామ్మా" అని పెద్దమనసు చేసుకుని, పుస్తకంలోంచి ఒక కాగితం చించి ఏదో గీకి ఇచ్చి వెళ్ళిపోయారు.

సాయంత్రం పక్కింటి ఐటిఐ కుర్రవాడు వచ్చి చూసేదాకా మోసం బయటపడలేదు. ఆ ఇంటి మీటరుకు చక్రమే లేదు! చక్రం తిరిగే మీటర్లు పాతకాలంవి. ఇప్పుడు ఇళ్ళకు ఉన్నవి ఎలక్ట్రానిక్ మీటర్లు. వాటిలో అంకెలు కనబడే చిన్న అద్దం, కరెంటు వాడుతున్నప్పుడు మిణుకు మిణుకుమనే ఎర్ర దీపం ఉంటాయి. లేని చక్రం తిరగడం లేదని చెప్పి 2,800 రూపాయలు పట్టుకుపోయారన్నమాట. అదే రోజు ఆ వీధిలో మరో రెండిళ్ళు కూడా ఎక్కారని, అయితే అక్కడ మగవాళ్ళు ఉండటంతో మంచినీళ్ళు తాగి దిగిపోయారని తర్వాత తెలిసింది.

కథ ఇంతటితో ఆగితే బాగుండేది. నెల తిరక్కుండానే బిల్లులు కొట్టే కుర్రవాడొకడు మిషను పట్టుకుని అదే వీధిలోకి వచ్చాడు. ఇతను అసలైనవాడే. ఆ ఊరికి కొత్త. నలుగురు చుట్టూ మూగి, మిషను లాక్కుని, రచ్చబండ దగ్గర కూర్చోబెట్టారు. గుర్తింపు కార్డు సంచి అడుగున ఉందని అతను మొత్తుకున్నా వినిపించుకున్న నాథుడు లేడు. చెంప మీద ఒకటి పడింది కూడా. లైన్‌మన్ వచ్చి "వీడు మనవాడేనయ్యా" అనేదాకా రెండు గంటలు ఎండలోనే ఉన్నాడు. మర్నాడు అతను పనిలోకి రాలేదు. దొంగకు డబ్బు, దొరకు దెబ్బ అన్నట్లయింది.

ఈ పరిస్థితి ఊరికే రాలేదు. 1959లో విద్యుత్ బోర్డు ఏర్పడిన తర్వాత చాలా కాలం ఊరికి కరెంటు మనిషి అంటే ఒక్కడే. ఆయన ఇల్లు అందరికీ తెలుసు, ఆయన సైకిలు బెల్లు పిల్లలకు సైతం తెలుసు. 1999లో బోర్డును విడదీశారు, 2000లో పంపిణీ సంస్థలు వేరుపడ్డాయి. పేర్లు మారినా ఊళ్ళో జనం ఇప్పటికీ బోర్డు అనే అంటారు. బిల్లులు కొట్టే పని కాంట్రాక్టు కుర్రవాళ్ళ చేతికి వచ్చింది. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఎనర్జీ అసిస్టెంట్ల పేరుతో జూనియర్ లైన్‌మన్‌లు వచ్చారు. 2021లో మొదలైన కేంద్ర పథకం కింద స్మార్టు మీటర్లు పెట్టడానికి కాంట్రాక్టరు మనుషులు తిరుగుతున్న చోట్లూ ఉన్నాయి. ఇందరిలో ఎవరు అసలో ఎవరు నకిలీయో అరుగుమీద కూర్చున్న ముసలమ్మకు తెలిసే మార్గమేది?

సర్వీసు నంబరు చెప్పాడు కదా అని కొందరు నమ్ముతున్నారు. మన ఇళ్ళకు ఆ నంబరు మీటరు పక్కన గోడమీద రంగుతో రాసే ఉంటుంది. వీధిలో పోయే ఎవడైనా చదవగలడు. ఖాకీ చొక్కా బజారులో దొరుకుతుంది. కార్డు అడగవలసిందే గాని, కార్డూ అచ్చు వేయించుకోవచ్చు. అందుచేత కార్డుపై పేరు చూసి, అతన్ని గుమ్మం బయటే ఉంచి, కరెంటాఫీసుకు గాని, మన లైన్‌మన్‌కు గాని ఫోను చేసి "ఈ పేరు గలవాడు మీ మనిషేనా?" అని అడగడమే దారి. వచ్చినవాడు ఇచ్చే ఫోను నంబరుకు మాత్రం చేయవద్దు. అవతల మాట్లాడేది వాడి జతగాడే కావచ్చు. బిల్లుమీద ఉండే నంబరు గాని, 1912 గాని వాడాలి. అసలైనవాడు ఈ పది నిమిషాలూ అరుగుమీద కూర్చుంటాడు. నకిలీవాడికి పక్క వీధిలో అర్జంటు పని గుర్తుకొస్తుంది.

"ఆపితే కేసు పెడతారేమో" అన్న భయం చాలామందిలో ఉంది. నకిలీవాళ్ళ పెట్టుబడి ఆ భయమే. 2003 విద్యుత్ చట్టం ఏమంటున్నదో ఒకసారి చూద్దాం. మీటరు తనిఖీకి వచ్చే అధికారం సిబ్బందికి ఉంది. అయితే తగిన వేళలో, ఇంట్లో వారికి చెప్పి మరీ రావాలని 163వ సెక్షను చెబుతోంది. ఇంటివారు రానివ్వకపోతే లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి, 24 గంటలు గడిచిన తర్వాతే కరెంటు తీయవచ్చు. అంటే ఫోను చేసి అడిగేదాకా ఆగమన్నంత మాత్రాన అక్కడికక్కడ తీగ కత్తిరించే హక్కు ఎవరికీ లేదు. బిల్లు బాకీ ఉన్నా 56వ సెక్షను ప్రకారం పదిహేను రోజులు తక్కువ కాకుండా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. "ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు కట్" అంటూ సెల్‌ఫోన్లకు వచ్చే సందేశాల రంగు దీనితోనే తేలిపోతుంది. ఆ ఉచ్చులో పడి బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే 1930కి ఫోను చేయాలి.

అనధికారంగా కరెంటు వాడారని సిబ్బంది నిజంగానే తేల్చినా, సొమ్ము గుమ్మంలో చేతికి ఇచ్చేది కాదు. ముందు తాత్కాలిక అంచనా కాగితం ఇస్తారు. దానిపై అభ్యంతరం చెప్పుకునే హక్కు మనకు ఉంది. ఆ తర్వాతే తుది ఉత్తర్వు. ఇదంతా 126వ సెక్షను. ఇక కరెంటు చౌర్యం సోదాల విషయంలో 135వ సెక్షను మరో కట్టుబాటు పెట్టింది. పొద్దు గూకింది మొదలు తెల్లవారేవరకు, ఆ ఇంట్లో ఉండే పెద్దవయసు మగమనిషి ఎదుట తప్ప ఇళ్ళలో సోదా చేయరాదు. రాత్రి ఎనిమిదింటికి ఆడవాళ్ళు మాత్రమే ఉన్న ఇంటికి వచ్చి "చెకింగు" అనేవాడు ఎవరైనా సరే, పొద్దున రమ్మని తలుపు వేసుకోవచ్చు. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా పల్లెల్లో ఈ సంగతి చెప్పినవారు లేరు.

కొత్త మీటరు పెడతామని వస్తే, పాతది విప్పకముందే దానిమీది నంబరు, ఆనాటి రీడింగు కాగితంమీద రాసుకోవడమో, సెల్‌ఫోనులో ఫొటో తీసుకోవడమో మేలు. తర్వాత బిల్లులో తేడా వస్తే అదొక్కటే ఆధారం.

ఇక్కడ మన తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. ఊళ్ళో ఫ్యూజు పోతే లైన్‌మన్‌కు బదులు మనం పిలిచే కుర్రవాడు బోర్డు మనిషి కాడు. సబ్‌స్టేషను నుంచి ఎల్‌సీ తీసుకోకుండా స్తంభం ఎక్కుతాడు. యాభయ్యో వందో ఇచ్చి ఎక్కించేది మనమే. మనవాడే గనుక భయం లేదనుకుంటాం. ప్రాణం మీదికి వస్తే అతనికి ఏ ఆఫీసూ దిక్కు కాదు. బయటివాణ్ణి కార్డు అడిగే ఊరు ఇతని విషయం కూడా ఆలోచించాలి.

గ్యాసు చెకింగు పేరుతో వచ్చేవారిదీ ఇదే వరస. గొట్టం మార్చాలని, లేకుంటే పేలుతుందని బెదిరించి డబ్బు అడుగుతారు. గొట్టానికి కాలపరిమితి ఉన్న మాట నిజమే. మన ఏజెన్సీకి ఫోను చేసి, పంపారో లేదో కనుక్కున్నాకే వంటింట్లోకి రానివ్వాలి. గ్యాసు వాసన వస్తే మాత్రం ఎవరికోసమూ చూడకుండా 1906కు చెప్పాలి.

బిల్లులు కొట్టడానికి వచ్చేవారు కార్డు మెడలో వేసుకునేలా చూడాలని, లైన్‌మన్, ఏఈ ఫోను నంబర్లు పంచాయతీ కార్యాలయం గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాలని, మీటర్లు మార్చేముందు ఊళ్ళో టముకు వేయించాలని గ్రామస్థులు కోరుతున్నారు. నంబరు రాసినంత మాత్రాన చాలదని, ఫోను ఎత్తేవారు కూడా ఉండాలని ఒక రైతు చమత్కరించారు.

దెబ్బ తిన్న కుర్రవాడు మళ్ళీ అదే వీధికి వస్తున్నాడు. కార్డు ఇప్పుడు మెడలోనే ఉంటోంది. మామ్మ అతనికి మజ్జిగ ఇస్తోంది గాని, ముందు కార్డు చూపించందే గుమ్మం ఎక్కనివ్వడం లేదు. ఆనాడు వాళ్ళు గీకి ఇచ్చిన చీటీ ఇంకా ఆమె బియ్యం డబ్బాలోనే ఉంది.