గరిటె పెట్టని కుండ: లాంకషైర్ హాట్‌పాట్

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కి ఉత్తరాన బోల్టన్, బ్లాక్‌బర్న్, ప్రెస్టన్ వైపు ఏ ఊళ్లో కాపురం పెట్టినా, చలి ముదిరేసరికి హాట్‌పాట్ సప్పర్ అనే మాట చెవిన పడుతుంది. చర్చి హాల్లోనో క్రికెట్ క్లబ్బులోనో ఊరివాళ్లంతా చేరతారు. హాలు పైకప్పు బాగుచేయించడానికో, పిల్లల జట్టుకి చొక్కాలు కొనడానికో టికెట్టు పెట్టి నాలుగు డబ్బులు పోగుచేస్తారు. వంటగదిలోంచి బరువైన కుండలు వస్తాయి. పైన ఎర్రగా కాలిన బంగాళదుంప చక్రాలు, వాటి కింద ఉల్లిపాయ, దాని కింద విడిపోయేంత మెత్తగా ఉడికిన గొర్రెమాంసం, అడుగున దుంపతో చిక్కబడిన రసం. పక్కన వెనిగర్‌లో ఊరిన ఎర్ర క్యాబేజీ. భోజనం అంతే. రెండో వంటకం ఎవరూ అడగరు.

మనవాళ్లు చాలామంది దీన్ని ఒక ముద్ద తిని "బాగానే ఉంది కానీ కాస్త మసాలా పడితేనా..." అంటారు. ఆ తొందర వద్దని చెప్పడానికే ఈ వ్యాసం. ఇది మిల్లు కూలీల ఇళ్లలో బతికిన వంట. పొయ్యి దగ్గర నిలబడే మనిషి లేకపోయినా ఇంటిల్లిపాదికీ కడుపు నిండేలా కుదిర్చిన వంట. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి పరుగెత్తే మన ఇళ్లకీ, పండగ పూట నలభై మందికి వండాల్సిన మన సంఘాలకీ ఇంతకన్నా పనికొచ్చే వంట ఈ దేశంలో నాకు కనబడలేదు. మొదట దాని పద్ధతిలోనే నేర్చుకుంటే, ఆ పద్ధతి వెనక ఉన్న తెలివి మనకి దక్కుతుంది.

లాంకషైర్ అంటే పందొమ్మిదో శతాబ్దంలో నూలు మిల్లులు. మగవాళ్లతో పాటు ఆడవాళ్లు కూడా పెద్ద సంఖ్యలో మగ్గాల మీద పనిచేసిన సీమ ఇది. పొద్దున్నే కుండ సర్ది సన్న సెగన పెట్టేసి, లేదా వీధి చివరి రొట్టెలవాడి పొయ్యిలో పెట్టించి, మిల్లు నుంచి వచ్చేసరికి తయారయ్యేలా చూసుకునేవారని ఇక్కడి పెద్దవాళ్లు చెబుతారు. మాంచెస్టర్‌లో కాపురమున్న రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్ 1854-55లో రాసిన ‘నార్త్ అండ్ సౌత్’ నవలలో, మిల్లు యజమాని థార్న్‌టన్ తన కార్మికుల భోజనశాలలో వాళ్లతో పాటు కూర్చుని హాట్‌పాట్ తింటాడు. యజమానికీ కూలీకీ మధ్య గోడ కాస్త కిందికి దిగిందని చూపించడానికి ఆమెకి ఈ వంటే సరిపోయింది. ఆ రోజుల్లో ఆల్చిప్పల మాంసం చవక కాబట్టి, పొరల మధ్య అది కూడా వేసేవారు. గొర్రె గుర్దాలు ఇప్పటికీ కొందరు వేస్తారు. ఇక టీవీలో 1960 నుంచి నడుస్తున్న ‘కొరొనేషన్ స్ట్రీట్’ చూసేవాళ్లకి, రోవర్స్ రిటర్న్ పబ్బులో బెట్టీ వండిన హాట్‌పాట్ గురించి నేను చెప్పాల్సిన పనిలేదు.

లాంకషైర్ మిల్లులకీ మనకీ ఉన్న లెక్క చిన్నది కాదు. బ్లాక్‌బర్న్ మగ్గాలు ముఖ్యంగా నేసింది మన దేశం కట్టుకునే పంచెలే. మన తాతముత్తాతలు సీమ బట్ట అన్నది చాలావరకు ఇక్కడి బట్టే. అది ఓడ దిగిన రేవుల వెనక మన చేనేత ఇళ్లలో ఎన్నో మగ్గాలు మూలపడ్డాయి. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఇక్కడ మిల్లులు మూతపడి జనం పస్తులున్నారు. ఆ కరువుని కాటన్ ఫామిన్ అంటారు. అప్పుడు లాంకషైర్ చూపు మన దేశపు పత్తి మీద పడింది. మన కృష్ణా, గుంటూరు వైపు పండిన ఒక రకం పత్తికి కాకినాడ రేవు పేరు మీద కొకనాడాస్ అనే వ్యాపారనామం కూడా ఉండేది. 1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీగారు, విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ తగిలిన ఊళ్లని తానే చూడాలని బ్లాక్‌బర్న్ పక్కనున్న డార్వెన్‌కి వెళ్లారు. మిల్లు ఆడవాళ్లు నవ్వుతూ కేకలు వేస్తూ ఆయన్ని చుట్టుముట్టిన ఫొటో మీరు చూసే ఉంటారు. రెండు వైపులా మగ్గం ముందు కూర్చున్నవాళ్లే నష్టపోయిన కథ ఇది. ఈ కుండ ఆ ఆడవాళ్ల ఇళ్లలోది. అందుకే దీని మీద నాకు గౌరవం.

ఇక వంట సంగతికి వద్దాం. హాట్‌పాట్‌కి ప్రాణం ఒక్క నియమంలో ఉంది. పొరలు పేర్చాక కలపకూడదు. పక్కనే లివర్‌పూల్‌లో ఇవే సరుకులతో స్కౌస్ అని వండుతారు. అది కలియబెట్టే కూర, దాని రుచి దానిది. హాట్‌పాట్‌లో మాత్రం ఏ పొర పని ఆ పొరదే. అడుగున వేసిన దుంప కరిగి రసానికి చిక్కదనం ఇస్తుంది. నడిమి మాంసం తన కొవ్వుని, జిగురుని వదులుతుంది. ఉల్లిపాయ తీపినిస్తుంది. పైదుంప మూతగా పనిచేసి ఆవిరిని లోపలే ఆపి, చివర్లో తాను వేగుతుంది. మధ్యలో ఒక్కసారి గరిటె పెట్టారా, ఈ ఏర్పాటంతా చెడిపోతుంది.

ఎనిమిది మందికి లెక్క చెబుతాను. ఎముకతో ఉన్న గొర్రె మెడ ముక్కలు ఒకటిన్నర కిలో, బంగాళదుంపలు 1.75 కిలోలు, పెద్ద ఉల్లిపాయలు నాలుగు, ఎముకలు ఉడికించిన నీళ్లు సుమారు 600 మిల్లీలీటర్లు, వెన్న 60 గ్రాములు, గోధుమపిండి రెండు పెద్ద చెంచాలు, బిర్యానీ ఆకులు రెండు, థైమ్ రెబ్బలు నాలుగు, వూస్టర్ సాస్ ఒక పెద్ద చెంచా, ఉప్పు, మిరియాలపొడి. ఐదు లీటర్లు పట్టే, మూత బిగుతుగా పట్టే మందపాటి కుండ కావాలి. నిలువుగా ఉన్న మట్టికుండ ఇక్కడి ఆనవాయితీ. ఇనుప క్యాసెరోల్ అయినా బాగా వస్తుంది.

మాంసం దగ్గర పిసినారితనం వద్దు కానీ ఖరీదైన ముక్క కూడా వద్దు. తొడమాంసం ఇంతసేపు ఉడికితే పీచుపీచుగా ఎండిపోతుంది. మెడలోనూ జబ్బలోనూ కండ మధ్య తెల్లటి తంతువులు ఉంటాయి. దాదాపు 70 డిగ్రీల వేడి దాటాక గంటల తరబడి ఉంచితే ఆ తంతువుల్లోని కొల్లాజెన్ జెలటిన్‌గా మారుతుంది. పెదవులకి అంటుకునే ఆ జిగురు నల్లి ఎముకల కూర తిన్న ఎవరికైనా తెలుసు. సూపర్‌మార్కెట్‌లో దొరికేది లేత గొర్రెపిల్ల మాంసం. బ్లాక్‌బర్న్, బోల్టన్, ప్రెస్టన్ హలాల్ కొట్లలో ముదురు మటన్ అడిగితే కొట్టి ఇస్తారు. రుచి దానిదే, కాకపోతే ఇంకో గంట పొయ్యిలో ఉంచాలి.

ముక్కలకి ఉప్పు, మిరియాలు, పిండి పట్టించండి. ముందుగా వేయించాలా అన్నది ఇక్కడ ఇంటికో మాట. నేను వేయించను. మూడు గంటలు పొయ్యిలో ఉండే కూరకి ఆ పని అక్కర్లేదు, రసం కూడా లేతరంగులో వస్తుంది. ఉల్లిపాయని మాత్రం సగం వెన్నలో సన్న సెగన మగ్గనివ్వండి. మన చెయ్యి అలవాటుగా ఎర్రగా వేయించేస్తుంది. ఇక్కడ అద్దంలా మెరిసి మెత్తబడితే చాలు.

దుంపలు పిండిగా ఉడికే రకం కావాలి. మారిస్ పైపర్ గానీ కింగ్ ఎడ్వర్డ్ గానీ తీసుకోండి. కొత్తదుంపలు జిగటగా గట్టిగా ఉంటాయి, అవి కరగవు, వేగవు. అడుగుపొరకి వేలు మందాన కోయండి. పైపొరకి 3, 4 మిల్లీమీటర్లు మించకూడదు. కోసిన చక్రాలని నీళ్లలో వేయకండి, వాటికి అంటిన పిండే రసాన్ని చిక్కబరుస్తుంది. రంగు మారతాయన్న భయముంటే దుంప కోయడం చివరి పనిగా పెట్టుకోండి.

అడుగున మందపు చక్రాలు, వాటి మీద మాంసం, ఆకులు, థైమ్, ఆపైన ఉల్లిపాయ. వూస్టర్ సాస్ కలిపి వేడిచేసిన ఎముకల నీళ్లు ఉల్లిపాయ పొర అంచు దాకా పోయండి. అంతకు మించి పోస్తే పైదుంప ఉడికిపోతుంది తప్ప వేగదు. చివరి పొరని పెంకుటింటి కప్పులా ఒకదాని అంచు మీద ఇంకోటి వచ్చేలా బయటి నుంచి లోపలికి గుండ్రంగా పేర్చండి. కరిగిన వెన్న కుంచెతో రాసి, ఉప్పు చల్లి, మూత పెట్టండి. 160 డిగ్రీల్లో, ఫ్యాన్ ఓవెన్ అయితే 140లో, రెండున్నర గంటలు. తర్వాత మూత తీసి, ఇంకాస్త వెన్న రాసి, వేడి 200కి పెంచి అరగంట పైచిలుకు. చూడాల్సింది గడియారాన్ని కాదు, కుండ అంచుని. చక్రాల అంచులు పైకి లేచి గోధుమరంగు దాటి అక్కడక్కడ ముదురుతాయి. పక్కల నుంచి చిక్కటి రసం నెమ్మదిగా బుడగలు కట్టి పైకొచ్చి, దుంప మీద ఆరి జిగురుగా మెరుస్తుంది. అప్పుడు దించి, పావుగంట ఆగి వడ్డించండి.

మసాలా సంగతి. పులుపు మాత్రం తేవద్దు. పెరుగు, టమాటా, గోంగూర, చింతపండు లేని మటన్ మనకి ఊహకి అందదు. కానీ దుంపలో కణాలని అతికించి ఉంచే పెక్టిన్ పులుపు తగిలితే త్వరగా కరగదు. పులుసు పెట్టేటప్పుడు ముక్క ముందు ఉడకనిచ్చి ఆ తర్వాతే చింతపండు రసం పోస్తామే, కారణం అదే. ఈ కుండలో మధ్యలో పోసే వీలు లేదు కాబట్టి మొదటే పులుపు వేస్తే మూడు గంటల తర్వాత కూడా దుంప గట్టిగానే ఉండిపోవచ్చు. వూస్టర్ సాస్ ఒక్క చెంచా కాబట్టి చెల్లిపోతుంది. కావాల్సిన పులుపు పక్కన పెట్టుకోండి. ఎర్ర క్యాబేజీని సన్నగా తరిగి, ఉప్పు చల్లి రాత్రంతా ఉంచి, మర్నాడు కడిగి పిండి, మిరియాలు, ఆవాలు, లవంగాలు వేసి మరిగించి చల్లార్చిన మాల్ట్ వెనిగర్‌లో వేయండి. కొవ్వుకి అది గట్టి విరుగుడు. నిమ్మకాయ పిండిన పచ్చి ఉల్లిపాయా సరిపోతుంది. కారం లేనిదే ముద్ద దిగనివాళ్లకి ఉల్లిపాయ పొరలో నాలుగు పచ్చిమిరపకాయలు నిలువుగా చీల్చి వేస్తే పద్ధతికి ఏ హానీ లేదు.

సంఘం భోజనాలకి దీన్ని ఎప్పుడు పెట్టాలంటే, నా ఓటు కనుమకి. కార్తీక వనభోజనాల్లో మాంసానికి చోటు లేదు. కనుమ నాడు మినపగారెలతో పాటు మాంసం వండుకునే ఇళ్లు మనలో ఎన్నో. జనవరి నడిమి చలిలో అంతకన్నా తగిన రోజు లేదు. పైగా ఇది గొర్రెమాంసం. కాటేజ్ పై లాంటివాటిలో ఉండే గొడ్డుమాంసం తిననివాళ్లకి ఇబ్బంది రాదు.

నలభై మందికి ఒక్క పెద్ద గంగాళం వండకండి. ఎనిమిది మందికి సరిపడే కుండలు ఐదిళ్లలో ఐదు వండాలి. కుండ పెద్దదయ్యే కొద్దీ మనిషికి వచ్చే పైదుంప తగ్గుతుంది, నడుమ వేడి అందడానికి ఆలస్యమవుతుంది, మోయడం కష్టం. హాల్లో ఓవెన్ ఉంటే మూత తీసే చివరి అరగంట అక్కడే కానివ్వండి. కారులో మూత బిగించి తెచ్చిన కుండలో పైపొర ఆవిరికి మెత్తబడి ఉంటుంది, అదే ఓవెన్లో మళ్లీ గట్టిపడుతుంది. వడ్డన ఆలస్యమయ్యేట్టుంటే కుండ 63 డిగ్రీలకి తగ్గకుండా చూడాలన్నది ఈ దేశపు నియమం. ముందురోజు వండితే లోతులేని పళ్లాల్లోకి తీసి గంట, రెండు గంటల్లో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ప్రతి కుండ ముందూ ఏముందో రాసిన చీటీ ఉండాలి. ఇక్కడ చట్టం పేరుపెట్టి చెప్పే 14 అలర్జీ పదార్థాల్లో గోధుమ, పాలు, చేప ఇందులోనే ఉన్నాయి. చేప ఎక్కడిదంటారా, వూస్టర్ సాస్‌లో ఆంచోవీలు ఉంటాయి. కొట్లో కొన్న స్టాక్ గడ్డల్లో సెలెరీ కూడా ఉండొచ్చు.

శాకాహారులకి మాంసం తీసేసిన హాట్‌పాట్ పెట్టి సరిపెట్టొద్దు. లాంకషైర్ వాళ్లకే సొంత వంట ఉంది. శుక్రవారం మాంసం ముట్టని కాథలిక్కుల కోసం ప్రెస్టన్, చోర్లీ వైపు పుట్టిన బటర్ పై. దుంప, ఉల్లిపాయ, బోలెడు వెన్న, పైన పిండిరొట్టె. ఆ రొట్టెపిండిలో జంతువుల కొవ్వు పడకుండా వెన్నతోనే కలిపించండి. పొరల్లో లాంకషైర్ చీజ్ వేయాలనుకుంటే శాకాహారమని రాసి ఉన్నదే కొనండి, కొన్నింటిలో దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ వాడతారు.

వడ్డించే గరిటె లోతుగా, అంచు పదునుగా ఉండాలి. అంచు దగ్గర నిలువుగా దించి అడుగుదాకా వెళ్లి ఒక్కసారిగా ఎత్తండి. పైన కరకరలాడే దుంప, కింద కరిగిన దుంప, నడుమ మాంసం అన్నీ ఒకే కంచంలో పడాలి. పైపొర గీరి ముందు వచ్చినవాళ్లకి పెట్టేస్తే వెనకవాళ్లకి ఉడికిన కూరే మిగులుతుంది. అందుకని వడ్డన తెలిసిన ఒక మనిషిని ప్రతి కుండ దగ్గరా నిలబెట్టండి. చిన్నపిల్లల కంచాల్లోకి మెడ ఎముకలు వెళ్లకుండా చూసే పని కూడా ఆ మనిషికే అప్పజెప్పండి.