నోరు తెరుచుకోని రోజుల్లో ఏం తిన్నాను

నేను నాలుగో తరగతి వరకే చదివాను. అదీ సోలాపూర్‌లో మన తెలుగు బడిలో. తర్వాత నాయనతోపాటు మగ్గం పని, పద్దెనిమిది నిండగానే మిల్లులో బదిలీ కార్మికుడిని. కాబట్టి రాతలో తప్పులుంటే పత్రికవాళ్లు దిద్దుకుంటారు. మీరు విషయం చూడండి.

పోయిన నెల మా ఇంటామె బీడీలు అప్పజెప్పడానికి కంపెనీ బ్రాంచికి పోయింది. అక్కడ వరుసలో నిలబడ్డ ఒకామె కండ్లనీళ్లు పెట్టుకొని అడిగిందట: "వదినా, మీ ఆయనకు గూడ నోటి ఆపరేషన్ అయ్యింది గదా, ఏం పెట్టి బతికించుకున్నవు? మా ఆయన పదిహేను దినాల సంది చాయ తప్ప ఏం మింగుతలేడు." మా ఇంటామె అక్కడ నిలబడే చెప్పగలిగినంత చెప్పింది. ఇంటికొచ్చి నాతో, "నువ్వు రాయి. నేను చెప్తే ఒక్కరికి అందుతది, కాగితం మీద ఉంటే పది మందికి అందుతది" అన్నది. అందుకే ఈ రాత.

రోగం ఎట్లా వచ్చిందో ముందు చెప్పాలి, సిగ్గుపడి దాచను. మిల్లు లోపల బీడీ తాగనిచ్చేవాళ్లు కాదు. ఎక్కడ చూసినా దూది, నూలు, గాలిలో తేలే పొట్టు. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని మేమంతా తంబాకు పట్టాం. అరచేతిలో తంబాకు, చిటికెడు సున్నం, బొటనవేలితో నలిపి, చరిచి, చెంపలో పెట్టుకునుడు. సాంచాల మోతలో పక్కోని మాట వినబడదు. అరచెయ్యి మీద బొటనవేలు రాస్తే చాలు, తంబాకు అడుగుతున్నాడని తెలిసేది. రాత్రి పాళీలో నిద్ర రాదు, ఆకలి కాదు. నాది ఎడమ చెంప. ముప్పై ఏండ్లకు పైగా అదే జాగాలో పెట్టాను. మిల్లు మూతపడ్డాక తువాళ్ల కార్ఖానాలో చేరినా ఆ అలవాటు నాతోనే వచ్చింది. 2012లో మహారాష్ట్రలో గుట్కా బంద్ పెట్టినప్పుడు "నేను తినేది గుట్కా కాదు గదా" అని నవ్వినవాణ్ణి.

ఎడమ చెంప లోపల తెల్లటి మచ్చ వచ్చింది. తర్వాత పుండు. విరిగిన పన్ను గీరుకుంటోందని ఐదారు నెలలు దాటవేశాను. ముక్క తీసి పరీక్ష చేశాక తెలిసింది. చెంప లోపలి భాగం, కింది దవడ ఎముకలో కొంత, దాని మీది పండ్లు, మెడలో గడ్డలు తీసేశారు. ఛాతీ మీది చర్మం, కండ తెచ్చి చెంపకు అతికించారు. గాయం మానినంక ముప్పై కరెంటులు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. పసుపు, నారింజ రేషన్ కార్డులవాళ్లకు ఉన్న సర్కారు పథకంలో ఖర్చు చాలామటుకు పోయింది. లేకుంటే ఇల్లే పోయేది.

ఇగ తిండి సంగతి.

ఆపరేషన్ అయిన తర్వాత మొదట ముక్కులోంచి కడుపులోకి గొట్టం. నోటితో చుక్క నీళ్లు కూడా వద్దన్నారు. సిరంజితో గొట్టంలో పొయ్యాలి. మా ఇంటామె భయంభయంగా పప్పు మీది తేట, కొబ్బరినీళ్లు, పల్చటి పాలు, చాయ పోసింది. చిక్కగా ఉంటే గొట్టం మూసుకుపోతుందని ఆమె భయం. నేను 61 కిలోలుండేవాణ్ణి, నెల తిరిగేసరికి 49కి వచ్చాను. ఆస్పత్రిలో తిండి సంగతి చెప్పే మేడమ్ కాగితం చూసి కోప్పడింది: "మీరు నీళ్లు పోస్తున్నారు, అన్నం పొయ్యట్లేదు. గాయం దేనితో మానాలి?" ఆ మాట మా ఇద్దరికీ తగిలింది.

అప్పటినుంచి మా ఇంట్లో మిక్సీ ఆగలేదు. పెసరపప్పు, బియ్యం, ఒక క్యారెట్ ముక్క మెత్తగా ఉడికించి, చెంచా నూనె వేసి, మిక్సీలో తిప్పి, వడకట్టి పోసేది. ఒకసారి ఉడికించిన గుడ్డు అందులోనే రుబ్బేది. ఒకసారి రాగిజావలో పాలు, బెల్లం. రెండు గంటలకొకసారి ఒక గ్లాసు, అంటే సుమారు 200 మిల్లీలీటర్లు. వడకట్టడానికి గుడ్డ నేనే ఏరిచ్చాను. తువాలు పనికిరాదు, పోగు తాగేస్తుంది, పల్చటి మల్లుగుడ్డ కావాలి. నలభై ఏండ్లు బట్ట నేసినవాడికి ఆ మాత్రం తెలియదా. పోసే ముందు, పోసినంక కొంచెం నీళ్లతో గొట్టం కడగాలి, లేకుంటే నిజంగానే మూసుకుంటుంది. పోసేటప్పుడు కూర్చోవాలి, పోసినంక అరగంట పడుకోవద్దు.

గొట్టం తీసినరోజు పండుగ అనుకున్నాను. గ్లాసు నీళ్లు ఎత్తి తాగాను. గొంతులోకి పోయి దగ్గు పట్టింది, ముక్కులోంచి వచ్చింది, కండ్లు తిరిగాయి. నీళ్లే అందరికంటే సులువని మనమనుకుంటాం. నోటికి ఆపరేషన్ అయినవాడికి చాలాసార్లు నీళ్లే కష్టం, చప్పున జారి తప్పుదారిన పడతాయి. గిలక్కొట్టిన పెరుగంత చిక్కగా ఉన్నది మెల్లగా పోతుంది, మన మాట వింటుంది. గడ్డం ఛాతీకి ఆనించి మింగమన్నారు, బాగున్న పక్కన, అంటే నాకు కుడిపక్కన, పెట్టుకోమన్నారు. చిన్న చెంచా. ఒక చెంచా పూర్తిగా పోయినంకనే రెండోది. కప్పు జావకు నలభై నిమిషాలు పట్టేది.

అతికించిన చెంపకు స్పర్శ లేదు. అక్కడ అన్నం నిలబడినా తెలియదు, సాయంత్రానికి వాసన వస్తుంది. తిన్నాక అద్దం ముందు నిలబడి చూసుకొని పుక్కిలించాలి. ఇంకో సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. ఛాతీ మీది చర్మం గదా, నోట్లో వెంట్రుకలు మొలిచాయి. నేను బెదిరిపోయాను, రోగం తిరగబెట్టిందనుకున్నాను. డాక్టరు నవ్వి, కరెంటు పెడితే రాలిపోతాయన్నాడు. అట్లనే రాలాయి. మీలో ఎవరికైనా అట్లయితే భయపడకండి.

కరెంటు మూడో వారం నుంచి అసలు కష్టం. నోరంతా పచ్చిపుండు. ఉమ్మి ఎండిపోయి గంజి పెట్టిన నూలులాగా సాగేది. రుచి పోయింది, బెల్లం సుద్దముక్క లాగ, పాలు ఇనుము లాగ ఉండేవి. కారం, చింతపండు, టమాట, నిమ్మకాయ, పుల్లటి మజ్జిగ తగిలితే నిప్పు పెట్టినట్టే. మనది పచ్చిపులుసు తాగే కులం, కారం లేని కూడు కూడేనా అనేవాణ్ణి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా తినేసోడా వేసి రోజుకు ఆరేడుసార్లు పుక్కిలించమన్నారు. తినే ముందు పుక్కిలిస్తే ముద్ద కొంత మంచిగా దిగేది. నొప్పి మందు కూడా తిండికి అరగంట ముందు వేసుకోవాలి. నేను మొదట తిన్నాక వేసుకొనేవాణ్ణి, ఏం లాభం.

ఆ రోజుల్లో నన్ను నిలబెట్టినవి మూడు. ఒకటి, పల్లీల పాలు. రాత్రి నానబోసి, పొట్టు తీసి, వెన్నలాగ రుబ్బి, పాలల్లో కలిపి బాగా మరిగించి వడకట్టి, చల్లార్చి ఇచ్చేది. బాదాములు మనకెక్కడివి, పల్లీలున్నాయి గదా. రెండోది ఉత్తుత్తి జున్ను. గుడ్డు, పాలు, కొంచెం బెల్లం గిలక్కొట్టి గిన్నెలో ఆవిరి మీద ఉడికిస్తే జున్నులాగ గడ్డకడుతుంది. చల్లారినంక నాలుకతోనే చితికిపోతుంది. మూడోది మా అవ్వ నాటి జొన్న అంబలి, కానీ పులియబెట్టనిది. తాజా పెరుగు కలిపి, చెంచా నెయ్యి వేసి.

సగ్గుబియ్యం పాయసం అందరూ తెచ్చి ఇచ్చారు. సులువుగా దిగుతుంది, కడుపు నిండుతుంది, కానీ దాంట్లో బలం తక్కువ. మేకకాళ్ల సూపు కూడా అంతే, ఒట్టి తేట తాగితే సరిపోదు, మాంసం ఉడికించి రుబ్బి కలపాలని మేడమ్ చెప్పింది. అరటిపండు పిసికి పాలల్లో కలిపితే మంచిది. సపోటా బాగా పండినదైతే సరే. గుమ్మడికాయ ఉడికించి నెయ్యివేసి మెదిపితే దిగుతుంది. కుల్ఫీ తినమంటే చిన్నపిల్లలా ఏందని అనుకున్నాను గానీ, పుండు మీద చల్లగా అదే హాయిగా ఉండేది.

అన్నీ చెప్తున్నాను గనుక ఇదీ చెప్పాలి. ఒకరోజు కప్పు విసిరికొట్టాను. పొద్దున నాలుగింటికి లేచి రుబ్బిన జావ అది, గోడ మీద పడ్డది. మా ఇంటామె ఏమనలేదు. గోడ తుడిచి, చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టడానికి కూర్చున్నది. ఆ తంబాకు వాసనకు నాకు కడుపులో తిప్పేది, అందుకని చాట తీసుకొని వాకిట్లోకి పోయింది. ఎండైనా వానైనా ఆ ఆరు వారాలు వాకిట్లోనే చుట్టింది. ఏ తంబాకు నా చెంప తిన్నదో, ఆ తంబాకు చుట్టిన పైసలతోనే నాకు పాలు, గుడ్లు వచ్చాయి. మానెయ్యమని నేను ఏ నోటితో అనేది? ఇప్పటికీ చుడుతోంది.

నోరు తెరుచుకోవడం ఇంకో పని. ఆపరేషన్, కరెంటు అయినంక దవడ బిగుసుకుపోతుంది. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పండ్ల మధ్య పెట్టి, కొంచెంసేపు ఉంచి, ఇంకో పుల్ల దూర్చమన్నారు. రోజుకు ఐదుసార్లు. మొదట ఏడు పుల్లలే పట్టేవి. ఇప్పుడు పన్నెండు. ఒక వారం బద్ధకిస్తే పదికి దిగింది. చెంచా నోట్లోకి పోకుంటే ఎంత మెత్తటి తిండి చేసినా ఏం చేసుకోవాలి, అందుకే పుల్లలను మరువకండి.

నలుగురిలో తినుడు ఇంకా కష్టం. పెదవి మూల నుంచి కారుతుంది, నాకు తెలియదు. మా మేనకోడలి పెండ్లిలో బంతిలో కూర్చోలేదు, ఆకలి లేదని అబద్ధం చెప్పాను. నూలు పున్నమికి మార్కండేయ రథం చూడటానికి చుట్టాలంతా మా ఇంటికే వస్తారు, ఆరోజు పోలెలు చేస్తాం. ఆ ఏడు నేను లోపలి అర్రలో కూర్చున్నాను, వాసన వస్తుంటే కండ్లల్లో నీళ్లు. అప్పుడు మా చెల్లె గిన్నె తెచ్చింది. "అన్నా, పోలె తినలేవు గానీ, పూర్ణం తినొచ్చు గదా, అది మెత్తగనే ఉన్నది." వేడిపాలల్లో కలిపి నెయ్యివేసి చల్లార్చింది. మనకు ముందే ఎందుకు తోచలేదో! శెనగపప్పు, బెల్లం, పాలు, నెయ్యి, ఇంతకంటే బలం ఏముంటుంది. తువాలు భుజాన వేసుకొని చుట్టాల మధ్యకు వచ్చి కూర్చొని తిన్నాను. కారినప్పుడు తుడుచుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అప్పటినుంచి బంతిలోనే కూర్చుంటున్నాను.

జొన్నరొట్టెకు తొమ్మిది నెలలు పట్టింది. మన సోలాపూర్ కడక్ రొట్టె, కరకరమనేది, ఇక ఈ జన్మకు లేదు. వేడివేడి మెత్తటి రొట్టెను తుంచి, పల్చటి పప్పులో పావుగంట నానబెట్టి, చేతితో మెదిపి తింటున్నాను. పల్లి పొడి కారం లేకుండా, నూనె తేలేదాకా దంచి, పెరుగులో కలుపుకొంటాను. పలుకు ఉంటే చెంపలో ఇరుక్కుంటుంది. ఉమ్మి సరిగా రాదు గనుక ప్రతి రెండు ముద్దలకు గుక్కెడు నీళ్లు, ఇప్పుడు దగ్గు రాకుండా తాగగలను. నా బరువు ఇప్పుడు 56. ఆ కిరాణా దుకాణం తూకం మీదనే వారం వారం చూసుకొంటాను, ఒకే తూకం అయితేనే తేడా తెలుస్తుంది.

ఒక్కొక్కరి ఆపరేషన్ ఒక్కొక్క తీరు. నాలుక తీసినవాళ్లకు వేరే, దవడ తీసినవాళ్లకు వేరే. నోటితో ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత చిక్కగానో మీ డాక్టరునే అడగండి. రోజంతా నీళ్లు కూడా దిగకపోతే, జ్వరం వస్తే, నోట్లోంచి రక్తం కారితే, రేపు చూద్దామని ఆగకండి. ఇంకా రోగం రానివాళ్లు ఇవ్వాళే అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే, తెల్లమచ్చో ఎర్రమచ్చో ఉంటే, పుండు రెండు మూడు వారాలకు మానకపోతే చూపించండి. మిశ్రీ రుద్దే ఆడవాళ్లకూ ఇది చెప్తున్నాను.

బీడీ బ్రాంచిలో ఏడ్చినామె ఇల్లు మాకు రెండు గల్లీల అవతలే. నిన్న మా ఇంటామె స్టీలు డబ్బాలో పల్లీల పాలు పట్టుకొని పోయింది, నేనూ వెంట పోయాను. ఆయన నా మొకం, చెంప చాలాసేపు చూసిండు. మాటాడలేదు, పలక మీద రాసి అడిగిండు, నువ్వు రొట్టె తింటున్నవా అని. తింటున్నా అన్న. అరగ్లాసు తాగిండు, గంటసేపు పట్టింది. తీపి ఎక్కువైందని చేతితో సైగ చేసిండు. రేపు బెల్లం తగ్గించి తీసుకుపోవాలని మా ఇంటామె మళ్లీ పల్లీలు నానబోసింది.