పటం పక్కనున్న చీటీ

ఉదయం నెక్కొండలో రైలెక్కితే మధ్యాహ్న భోజనం వేళకు హైదరాబాదులోని ఏ చిత్ర ప్రదర్శనశాలకైనా చేరుకోవచ్చు. బొమ్మలు గీయడం నేర్చుకున్న నాటి నుంచి నేను చేస్తున్న ప్రయాణమిది. మా నాన్న దుకాణాల బోర్డులు రాసి మమ్మల్ని పెంచాడు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు కట్టగట్టి అటక మీద పెట్టేశాడు. రాసిన ప్రతి బోర్డు కింద, ఒక మూలన, చిన్న అక్షరాలతో ఆయన తన పేరు రాసుకునేవాడు. సంతకం విలువ ఏమిటో నాకు తెలిసింది అక్కడే.

కొంతకాలం కిందట నగరంలోని ఒక చిన్న స్వతంత్ర గ్యాలరీలో ఒక సమకాలీన చిత్ర ప్రదర్శన చూశాను. రెండు గదులు, తెల్లటి గోడలు, ప్రవేశ రుసుము లేదు. గోడ నిండా ఎర్రటి నేపథ్యంలో పొడవాటి వస్త్రచిత్రం ఉంది. దాన్ని చూడగానే గుండె ఝల్లుమంది. అది జాంబపురాణపు పటం. చిత్రకారుడు దానిని కత్తిరించి, అతికించి, పైన నల్లరంగు పూసి తన రచనగా మార్చుకున్నాడు. పక్కనున్న చీటీ మీద ఆయన పేరు, మాధ్యమం, సంవత్సరం ఉన్నాయి. కింద ఇంగ్లిషులో ఒక్క వాక్యం: అజ్ఞాత జానపద పటం స్ఫూర్తితో అని దాని అర్థం. ధరల పట్టిక విడిగా బల్ల మీద ఉంది.

"ఆ పాత పటం ఎవరిదండీ?" అని నిర్వాహకులను అడిగాను.

"జానపదం కదండీ, అందరిదీ" అన్నారు మర్యాదగా.

అందరిదీ అన్నమాట వినడానికి బాగుంటుంది. కాని తెలంగాణలో పటం ఏనాడూ అందరిదీ కాదు. కూనపులివారు పద్మశాలీల ఇళ్ల ముందు మార్కండేయ పురాణం చెప్పారు. కాకిపడగలవారు ముదిరాజులకు, గౌడజెట్టివారు గౌడులకు, డక్కలివారు మాదిగలకు కథ చెప్పారు. ఏ కులం కథ ఎవరు చెప్పాలో, ఏ ఊళ్లు ఎవరి హక్కులో ఉన్నాయో స్పష్టమైన కట్టుబాటు ఉండేది. నకాషీ చిత్రకారులు ఆ కథకుల కోసం గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక పట్టించి, కథ వరుస ప్రకారం బొమ్మలు వేసేవారు. హైదరాబాదులోని జగదీశ్, కమల మిత్తల్ మ్యూజియంలో ఉన్న పద్మశాలీల పటం 1625 నాటిది. అంటే నాలుగు వందల ఏళ్లుగా వేసినవారు, వేయించుకున్నవారు, చెప్పినవారు, విన్నవారు ఎవరో తెలిసిన కళ ఇది. గ్యాలరీ గోడ ఎక్కిన రోజునే అది అజ్ఞాతమైంది.

చేర్యాల బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. నకాషీ కుటుంబాలకు అది కొంత రక్షణ. అయితే ఆ గుర్తింపు బొమ్మ తయారీకి మాత్రమే. పటం ముందు నిలబడి రాత్రంతా కథ చెప్పిన గొంతుకు అందులో చోటు లేదు. మూరల కొద్దీ సాగిన పటం గోడకు తగిలించే చట్రంలోకి, తాళంచెవుల గుత్తికి వేలాడే ముఖానికి కుదించుకుపోయినప్పుడు కథకుని అవసరమే తీరిపోయింది.

చిన్న గ్యాలరీలను తిట్టడం నా ఉద్దేశం కాదు. పెద్ద సంస్థలు జంకే బొమ్మలకు చాలాసార్లు చోటిచ్చింది అవే. అద్దె కట్టలేక మూతపడేవీ అవే. నా తగవు వాటి మాటల పట్టికతో. పట్టభద్రుడైన చిత్రకారుడు వేస్తే సమకాలీన కళ. కులవృత్తిగా చేసేవాడు అదే సంవత్సరం, అదే రంగులతో వేస్తే జానపదం. మొదటివాడికి పేరు, రెండోవాడికి కులం, కొన్నిచోట్ల అదీ లేదు. ఈ గీత కాలాన్ని కొలిచేది కాదు, పుట్టుకను కొలిచేది.

ఈ గీత చెరిగిన సందర్భాలు లేకపోలేదు. గోండుల వంశగాథలు పాడే పర్ధాన్ కులంలో పుట్టిన జంగఢ్ సింగ్ శ్యామ్‌ను జె. స్వామినాథన్ భోపాల్ భారత్ భవన్‌కు తీసుకొచ్చాడు. 1989లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్ ప్రదర్శనలో జంగఢ్ బొమ్మలు ఆయన పేరుతోనే వేలాడాయి. పేరు దక్కడంతోనే అన్నీ దక్కవు. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తున్న కాలంలో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. అయినా ఆయన వెనుక ఒక తరం చిత్రకారులు పేర్లతో నిలబడ్డారు. మా నర్సంపేట ప్రాంతపు పాపయ్యపేటలో పుట్టిన కంచ ఐలయ్య శ్రమ గౌరవం గురించి పిల్లల కోసం 2007లో రాసిన ఇంగ్లిషు పుస్తకానికి బొమ్మలు వేసిన దుర్గాబాయి వ్యామ్ ఆ తరం మనిషే. ఆ పుస్తకం ఆమె పేరు చెబుతుంది. పర్ధానుల వంటి ఆశ్రితకులమే డక్కలి. డక్కలి కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది; 2024లో ఆయన కూలిపని చేస్తున్నాడన్న వార్తా మనం చదివాం.

ఇక్కడ మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. నేను మాదిగను. డక్కలివారు మా కులబిడ్డలని మా పెద్దలు ముద్దుగా చెబుతారు. కాని ఆ బిడ్డలు మా వాడ చివరనే దిగేవారు. మా గడప లోపలికి వచ్చినట్టు నాకు గుర్తు లేదు. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమల్లోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణ డక్కలిని మొదటి గ్రూపులో, మాదిగను రెండో గ్రూపులో ఉంచింది. ఆ అంతరం ఉందని ప్రభుత్వం ఒప్పుకుంది. పటాన్ని చూసి "మాది" అని గ్యాలరీలో నేను ఉప్పొంగినప్పుడు మాత్రం అది నాకు గుర్తు రాలేదు.

నెక్కొండలో గ్యాలరీ లేదు. కిందటి వేసవిలో నలుగురు విద్యార్థులతో కలిసి ఖాళీగా ఉన్న ఒక షట్టరు గదిని రెండు రోజులకు అడిగి తీసుకున్నాను. పాత పటపు ఫొటోలను ఫ్లెక్సీ దుకాణంలోనే పెద్దవిగా అచ్చు వేయించి తగిలించాం. నాన్నకు ఆ దుకాణం మెట్లెక్కడం ఇష్టం లేదు, బయటే నిలబడ్డాడు. రెండో రోజు సాయంత్రం పక్క ఊరి నుంచి ఒక డక్కలి పెద్దాయన వచ్చాడు. గది లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గర నుంచే చాలాసేపు చూశాడు. నా తాత వయసు ఆయనది. అయినా నన్ను "అయ్యా" అనే పిలిచాడు.

"అయ్యా, ఇది ఉల్టా కట్టిన్రు. భూమి కంటె ముందుగాల పుట్టినోన్ని ఆఖరుకు ఏసిన్రు."

నిజమే. జాంబవుని పుట్టుక బొమ్మను నేను చివరన తగిలించాను. నేను నమ్ముకున్న పుస్తకంలోనూ ఆ ముక్కలు ఆ వరుసలోనే ఉన్నాయి. పండితులు, ముద్రాపకులు, చిత్రకళ చదువుకున్న నేను, ఎవరమూ పట్టుకోని తప్పు అది. మేం బొమ్మలన్నీ దింపి అరుగు మీద పరిచాం. ఆయన కర్రతో ఒక్కొక్కటీ చూపుతూ వరుస చెప్పాడు. మధ్యలో రెండు బొమ్మలు లేవన్నాడు, వాటిలో ఏముండాలో కూడా చెప్పాడు. నాన్న సుద్దముక్కతో ఆ ఖాళీల్లో అంకెలు వేశాడు.

వచ్చే ప్రదర్శనలో చీటీలు ఎలా ఉండాలో విద్యార్థులు నిర్ణయించారు: కథ చెప్పినవారి పేరు ముందు, బొమ్మ వేసినవారి పేరు తర్వాత, తెలుగులో. పెద్దాయన చెప్పాలి, నేను రాయాలి. అందుకు సంభావన ఎంత అని అడిగితే, మీ తాతలు మా తాతలకు ఏమిచ్చేవారో ఇంట్లో కనుక్కుని రమ్మన్నాడు. నేనింకా అడగలేదు.