నేరమా? జబ్బా?

పేపరులో హత్య వార్త రాగానే "వాడికి పిచ్చి అయ్యుంటుంది" అని చాలామంది తేల్చేస్తారు. ఆ మాటకు మా వార్డులోని రోగుల ఇంటివారు ఎంత కుంగిపోతారో మేము చూస్తూనే ఉన్నాము. మానసిక జబ్బు ఉన్నవారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. ఇతరుల చేతిలో దెబ్బలు తినేది ఎక్కువగా వారే.

1843లో లండనులో డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి, ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ అనుకొని ఆయన కార్యదర్శి డ్రమ్మండ్‌ను కాల్చి చంపాడు. అధికార పార్టీవారు తనను వెంటాడుతున్నారని అతని గట్టి నమ్మకం. డాక్టర్ల సాక్ష్యం విన్న కోర్టు అతనికి ఉరి వేయలేదు, మానసిక ఆసుపత్రికి పంపింది. ఆ కేసు నుండి పుట్టిన సూత్రమే మన 1860 శిక్షాస్మృతిలో 84వ సెక్షను. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షను. చేసే పని ఏమిటో, లేక అది తప్పని, తెలియనంతగా మతి చెడితేనే ఇది వర్తిస్తుంది. తనంతట తాను తాగి, "మత్తులో చేశాను" అంటే చెల్లదు.

తాగుడు, చిన్ననాడు ఇంట్లో చూసిన తన్నులు, చెడు సావాసం – నేరాల వెనుక ఇవే ఎక్కువ. అలా పెరిగిన వారందరూ నేరస్థులు కారు సుమా!

అన్నంలో విషం కలుపుతున్నారనడం, భార్యపై లేనిపోని అనుమానం, "చంపమని చెవిలో చెబుతున్నారు" అనడం కనిపిస్తే కత్తులు, పురుగుమందులు దాచి అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. దయ్యమని కట్టివేయవద్దు. ప్రార్థన చేయించండి, మాత్రలు మాత్రం మాన్పించవద్దు. టెలి మానస్ 14416కు రాత్రయినా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చును.